ఏ పేపర్ ఎవరిదో తెలిస్తే సరిపోదు

మన దగ్గర పేపర్ల మీద మాట మొదలైతే ఒక్క ముక్కతో ముగిసిపోతుంది. "అది వాళ్ళ పేపర్ లెండి" అంటారు, ఇక దాని మీద మాట్లాడేదేం లేదన్నట్టు. ఈనాడు, ఆంధ్రజ్యోతి ఒక వైపు, సాక్షి ఇంకో వైపు, నమస్తే తెలంగాణ మరో వైపు అని టీ కొట్టు దగ్గర కూర్చున్న ఏ పెద్దాయనైనా చెప్తాడు. ఎన్టీఆర్ పార్టీ పెట్టిన 1982-83 రోజుల్లో ఈనాడు ఆయన వెంట ఎలా నిలబడిందో, 2008 మార్చిలో సాక్షిని ఏ కుటుంబం పెట్టిందో, 2011 జూన్‌లో నమస్తే తెలంగాణ ఏ ఉద్యమం వేడిలో మొదలైందో దాచిన సంగతులేమీ కావు. చదివేవాళ్ళకి తెలుసు, రాసేవాళ్ళకి తెలుసు, చదివేవాళ్ళకి తెలుసని రాసేవాళ్ళకి కూడా తెలుసు.

ఇంత తెలిసిన మనం వార్తల విషయంలో జాగ్రత్తగా ఉన్నట్టే కదా అనిపిస్తుంది. నాకు మాత్రం అలా అనిపించదు. కొన్నేళ్ళు జిల్లా డెస్క్‌లో, అంటే మండలాల నుంచి వచ్చిన వార్తలు దిద్ది పేజీల్లో పెట్టే చోట, సబ్ఎడిటర్‌గా చేసి బయటికొచ్చాక, మీడియా స్టడీస్ వాళ్ళు రాసినవి వరసపెట్టి చదివాక, నాకు గట్టిగా అనిపించింది ఏంటంటే పార్టీ బయాస్ అన్నది అన్నిట్లోకీ తేలిగ్గా దొరికే బయాస్. ఎందుకంటే దాన్ని పట్టుకోవడానికి ఎదుటి పేపర్ ఎప్పుడూ కాచుక్కూర్చుని ఉంటుంది. ఈ పేపర్ దాచింది ఆ పేపర్‌లో బ్యానర్ అవుతుంది. అసలు భయపడాల్సింది రెండు పేపర్లూ ఒకేలా చేసినప్పుడు. రెండూ ఒకే వార్తని లోపలి పేజీలో సింగిల్ కాలమ్‌లో సర్దేసినప్పుడు, లేదంటే రెండూ ఒకే మాటని ఒకే ఊపుతో మొదటి పేజీ నిండా పరిచినప్పుడు, మనకి పోల్చి చూసుకోవడానికి ఏమీ మిగలదు.

ఊరికే సిద్ధాంతంగా చెప్తే ఇది గాలిలో ఉండిపోతుంది కాబట్టి 2019 నవంబర్ సంగతి తీసుకుంటాను.

నవంబర్ 24న కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో, ఊరూరా తిరిగి చిన్నచిన్న సామాన్లు అమ్ముకుని బతికే ఒక దళిత మహిళని ముగ్గురు అత్యాచారం చేసి చంపేశారు. మూడు రోజుల తర్వాత, నవంబర్ 27 రాత్రి, శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌గేట్ పక్కన ఒక యువ వెటర్నరీ డాక్టర్ మీద నలుగురు అదే ఘోరం చేసి, శవాన్ని షాద్‌నగర్ వైపు చటాన్‌పల్లి బ్రిడ్జి కింద తగలబెట్టారు. తర్వాత పోలీసులే ఇద్దరికీ వేరే పేర్లు పెట్టారు. రెండో ఆమె దిశ, మొదటి ఆమె సమత. దిశ పేరు తెలియని భారతీయుడు ఆ వారంలో లేడు. పార్లమెంటులో మాట్లాడారు, ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ డిసెంబర్‌లో ఆ పేరుతోనే బిల్లు పాస్ చేసింది. సమత పేరు మాత్రం ఈ రోజుకీ మన తెలుగువాళ్ళలోనే ఎంతమందికి గుర్తుందో మీరే చుట్టుపక్కల అడిగి చూడండి.

రెండు నేరాల్లో ఏది ఎక్కువ ఘోరం అని తూచడం నా ఉద్దేశం కాదు, అలా తూచకూడదు కూడా. రెండిటికీ వచ్చిన స్పేస్‌లో తేడా ఎక్కణ్ణించి వచ్చింది అన్నదే నా ప్రశ్న. దీంట్లో పార్టీ కోణం ఏమీ లేదు చూడండి. ఏ పార్టీ పేపరూ సమత వార్తని పనిగట్టుకుని తొక్కాల్సిన అవసరం లేదు. నిజానికి అధికార పార్టీని తిట్టాలనుకునే పేపర్‌కి రెండూ పనికొచ్చేవే. అయినా ఒకటి దేశమంతా పాకింది, ఒకటి జిల్లా పేజీల్లో ఆగింది. దళిత సంఘాలు, మహిళా సంఘాలు రోడ్డెక్కి "మా బిడ్డ బిడ్డ కాదా" అన్నట్టు నిలదీశాకే సమత వార్త కొంచెం పైకి లేచింది.

1965లో యోహాన్ గాల్టుంగ్, మారీ రూగే అనే ఇద్దరు నార్వే పరిశోధకులు కాంగో, క్యూబా, సైప్రస్ సంక్షోభాల మీద నార్వే పేపర్లలో వచ్చిన వార్తలు ముందేసుకుని, ఎక్కడో జరిగిన సంఘటన ఎప్పుడు వార్తగా మారుతుంది అని చూశారు. మనకి దగ్గరగా ఉండాలి, మనలాంటి వాళ్ళకి జరగాలి, తేలిగ్గా అర్థం కావాలి, చెడ్డది కావాలి, ముందే ఊహించుకున్న కథలో ఇమడాలి, ఇలా పన్నెండు లక్షణాలు పట్టుకున్నారు. వీటినే న్యూస్ వాల్యూస్ అంటారు. జర్నలిజం స్కూళ్ళలో దీన్ని ఏదో వార్తకి ఉండాల్సిన మంచి గుణాల జాబితాలా చెప్తారు, అక్కడే నాకు బాధ. గాల్టుంగ్, రూగే అలా రాయాలి అని చెప్పలేదు, ఇలా జరుగుతోంది చూడండి అన్నారు.

పై రెండు సంఘటనల మీద ఆ లక్షణాలు పెట్టి చూడండి. శంషాబాద్ హైదరాబాద్ స్టూడియోలకి గంట దూరం, ఓబీ వ్యాన్ పంపితే సాయంత్రానికి లైవ్ అయిపోతుంది. లింగాపూర్‌కి వెళ్ళాలంటే ఒక రోజు పడుతుంది, అక్కడ ఉన్నది ఒక మండల కంట్రిబ్యూటర్, అంటే ఊళ్ళోనే ఉండి పేపర్‌కి వార్తలు పంపే మనిషి. డాక్టర్ చదివిన అమ్మాయి, స్కూటీ, టోల్‌గేట్, చెల్లెలితో చివరి ఫోన్ కాల్, ఇవన్నీ పట్నంలో పేపర్ చదివే ప్రతి ఇంట్లో "మన అమ్మాయికీ ఇలా జరగొచ్చు" అన్న టెన్షన్ పుట్టించేవి. తలమీద గంపతో ఊళ్ళు తిరిగే ఆడమనిషిని "మన అమ్మాయి" అనుకునే ఇళ్ళు ఆ పేపర్ కొనే ఇళ్ళలో తక్కువ. డెస్క్‌లో కూర్చున్న వాళ్ళ ఇళ్ళలో ఇంకా తక్కువ.

ఈ చివరి మాట ఊరికే అనట్లేదు. ఆక్స్‌ఫామ్ ఇండియా అనే స్వచ్ఛంద సంస్థ, న్యూస్‌లాండ్రీ అనే వార్తల సైట్ కలిసి అదే 2019లో హిందీ, ఇంగ్లీషు మీడియాలో ఎవరున్నారో లెక్క తీశాయి. నాయకత్వ స్థానాలు 121 చూస్తే వాటిలో 106 అగ్రకులాల వాళ్ళవి, ఎస్సీ ఎస్టీలు ఒక్కరూ లేరు. అది తెలుగు లెక్క కాదు, కానీ మన పెద్ద పేపర్ల యాజమాన్యాలు ఏ రెండు మూడు కులాల చేతుల్లో ఉన్నాయో వేలు పెట్టి చూపించక్కర్లేదు కదా. ఇక్కడే ఇంకో చిక్కు. మనం కులం గురించి మాట్లాడినా "ఈ పేపర్ కమ్మోళ్ళది, ఆ పేపర్ రెడ్లది" అనే మాట్లాడతాం, అంటే మళ్ళీ రెండు పక్షాల గొడవలోకే దించుతాం. ఆ రెండూ కాని వాళ్ళ గురించి రెండు పేపర్లూ ఏం రాశాయి అన్న ప్రశ్న ఆ గొడవలో వినపడదు.

డెస్క్‌లో పని ఎలా జరుగుతుందో తెలియనివాళ్ళు ఒక సంగతి గమనించాలి. ఎవరో పైనుంచి ఫోన్ చేసి ఈ వార్త వెయ్యొద్దు అంటే ఆగిపోయే వార్తలు కొన్ని ఉంటాయి, ఉండవని నేను చెప్పను. కానీ రోజూ ఆగిపోయే వార్తల్లో అవి చాలా కొంచెం. మిగతావి ఎలా పోతాయంటే, సాయంత్రం నాలుగు నుంచి మండలాల కాపీ, అంటే రాసి పంపిన వార్తలు, వచ్చి పడుతూ ఉంటుంది, ఎనిమిది దాటేసరికి ఏ పేజీలో ఏ యాడ్ ఎక్కడో చూపించే డమ్మీ వస్తుంది, పొద్దున ఖాళీగా ఉంటుందనుకున్న పేజీలో అర పేజీ వెంచర్ యాడ్ కూర్చుని ఉంటుంది. ఇక మిగిలిన స్పేస్‌లో మంత్రి పర్యటన, కలెక్టర్ సమీక్ష, ఒక రోడ్డు ప్రమాదం పట్టాలి. అప్పుడు సబ్ఎడిటర్ చెయ్యి తనంతట తానే ఒక వార్తని పక్కకి నెడుతుంది. ఆ నెట్టేదానికి కుట్ర ఏమీ అక్కర్లేదు. ఫొటో లేదు, ఫోన్ చేస్తే కంట్రిబ్యూటర్ ఎత్తలేదు, బాధితుల పేర్లు స్పష్టంగా లేవు, రేపు చూద్దాం. రేపు ఇంకో వంద వార్తలు వస్తాయి.

దీన్నే గేట్‌కీపింగ్ అంటారు. 1950లో డేవిడ్ మానింగ్ వైట్ అనే ఆయన అమెరికాలో ఒక చిన్న నగరం పేపర్‌లో వైర్ ఎడిటర్, అంటే ఏజెన్సీల నుంచి వచ్చే వార్తలు ఎంచే ఆయన, దగ్గరికెళ్ళి, ఒక వారం పాటు తీసి పడేసిన ప్రతి వార్త మీదా ఎందుకు పడేశారో రాసిపెట్టమన్నాడు. వచ్చిన కాపీలో పదింట తొమ్మిది వంతులు బుట్టలోకే వెళ్ళింది. కారణాలు చూస్తే కొన్ని స్పేస్ లేక, కొన్ని ఇలాంటిదే ఇప్పటికే వేశామని, ఇంకా కొన్ని పూర్తిగా ఆయన సొంత ఇష్టాయిష్టాలు. డెబ్బై ఏళ్ళ కిందటి ఆ పరిశోధన చదువుతుంటే నా పాత డెస్క్‌లోనే కూర్చున్నట్టు అనిపించింది. కంప్యూటర్లొచ్చాయి, పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ పోయి ఇన్‌డిజైన్ వచ్చింది, కానీ ఆ నిర్ణయాల తీరు మారలేదు.

తెలుగులో దీనికి ఒక ప్రత్యేకమైన మలుపు కూడా ఉంది. ఈనాడు 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలై, తర్వాత ఎనభైల చివర్లో జిల్లాకో టాబ్లాయిడ్, అంటే మెయిన్ పేపర్‌తో పాటు చిన్న సైజు జిల్లా పేపర్, ఇవ్వడం తెచ్చింది, మిగతా పేపర్లూ అదే దారి పట్టాయి. దీనివల్ల జరిగిన మేలు చాలా పెద్దది. మా ఊరి బోరింగ్ పాడైందన్న వార్త అచ్చులో చూసుకోవడం, దానితో మండలాఫీసు వాళ్ళు కదిలి రావడం అంతకుముందు ఎక్కడుంది? పల్లెటూళ్ళలో పేపర్ చదవడం అలవాటైందే దానివల్ల. అయితే అదే ఏర్పాటు వార్తకి కంచె కూడా కట్టింది. ఆసిఫాబాద్ సంగతి ఆసిఫాబాద్ పేజీలోనే ఉంటుంది. పక్క జిల్లావాడికి కూడా ఆ పేజీ రాదు. మెయిన్ ఎడిషన్‌లోకి ఎక్కాలంటే హైదరాబాద్ సెంట్రల్ డెస్క్ ఒప్పుకోవాలి. ఒక ప్రాంతంలో పదిమంది రైతులు నెల రోజుల్లో ఆత్మహత్య చేసుకున్నా, పది వార్తలూ వేర్వేరు రోజుల్లో, వేర్వేరు మండలాల కింద, సింగిల్ కాలమ్‌లో వస్తే, పేపర్ అన్నీ వేసినట్టే, చదివేవాడు మాత్రం ఏమీ చూడనట్టే. అబద్ధం ఒక్కటి కూడా రాయకుండా ఒక పెద్ద విషయాన్ని కనపడకుండా చెయ్యొచ్చు. నేను చూసినంతలో మన పేపర్లలో బయాస్ ఎక్కువగా జరిగేది ఈ పద్ధతిలోనే.

మళ్ళీ దిశ దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఫ్రేమింగ్ అన్నది అక్కడ కనిపించినంత స్పష్టంగా నాకు ఇంకెక్కడా కనపడలేదు. ఒకే సంఘటనలో ఏ ముక్కని ముందుకి తెస్తావు, ఏ ముక్కని వెనక్కి నెడతావు, తప్పు ఎవరిదంటావు, పరిష్కారం ఏమంటావు, ఇదంతా కలిపి ఫ్రేమ్. రాబర్ట్ ఎంట్‌మన్ అనే అమెరికా పండితుడు 1993లో దాదాపు ఇలాగే విడగొట్టి చెప్పాడు. మొదటి రెండు రోజులు సోషల్ మీడియాలో నిందితులు నలుగురిలో ఒక్క ముస్లిం పేరే తిప్పారు, మిగతా ముగ్గురి పేర్లూ తెలిసినా సరే. అది ఒక ఫ్రేమ్. తర్వాత పోలీసులు కంప్లయింట్ తీసుకోవడానికి ఇది మా స్టేషన్ పరిధి కాదంటూ కుటుంబాన్ని తిప్పారన్న కోణం వచ్చింది, కొందరు పోలీసులని సస్పెండ్ కూడా చేశారు. అది ఇంకో ఫ్రేమ్, అన్నిట్లోకీ ముఖ్యమైనది కూడా అదే, ఎందుకంటే రేపు ఇంకో అమ్మాయి ప్రాణం నిలబెట్టగలిగేది అది సరిచేస్తేనే. కానీ అది రెండు మూడు రోజులకి మించి నిలవలేదు. "ఉరి తీయండి, మాకు అప్పగించండి" అన్న ఫ్రేమ్ ముందు అన్నీ కొట్టుకుపోయాయి. ఇదంతా నడుస్తున్న రోజుల్లోనే, చనిపోయిన అమ్మాయి పేరు, ఫొటో వెయ్యకూడదని అప్పటి శిక్షాస్మృతి ఐపీసీలోని 228ఎ సెక్షన్ చెప్తున్నా, చాలాచోట్ల యథేచ్ఛగా వేశారు.

డిసెంబర్ 6 తెల్లవారుజామున నలుగురినీ చటాన్‌పల్లి దగ్గర ఎన్‌కౌంటర్‌లో చంపేశారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు, ఆ దృశ్యం పగలంతా తిరిగింది. ఆ రోజు ఈ పార్టీ చానల్, ఆ పార్టీ చానల్ అన్న తేడా నాకైతే కనపడలేదు. రోజూ ఒకదానితో ఒకటి పోట్లాడే చానళ్ళు ఆ రోజు ఒకే గొంతుతో మాట్లాడాయి. ఏం జరిగిందన్నదానికి ఉన్న ఆధారం ఒక్కటే, పోలీసుల ప్రెస్‌మీట్. నిందితులు తుపాకులు లాక్కున్నారు, కాల్చారు, ఆత్మరక్షణ కోసం కాల్చాం. ఈ మాట "పోలీసులు చెప్పారు" అన్న తోకతో మొదలై సాయంత్రానికి తోక ఊడిపోయి జరిగిన సంగతిగా మారిపోయింది.

స్టువర్ట్ హాల్ అని జమైకాలో పుట్టి బ్రిటన్‌లో పనిచేసిన ఒక గొప్ప మేధావి ఉన్నాడు. ఆయన, ఆయన తోటివాళ్ళు డెబ్బైల్లో చెప్పిన మాట ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. ఏ ఘటననైనా మొదట నిర్వచించే అవకాశం పోలీసు, ప్రభుత్వం, కోర్టు లాంటి వ్యవస్థలకి దొరుకుతుంది, విలేకరులు పక్షపాతంతో చేసేది కాదది, డెడ్‌లైన్ లోపల నమ్మదగ్గ సోర్స్ కావాలి కాబట్టి అక్కడికే వెళ్తారు, ఆ తర్వాత ఎవరేం మాట్లాడినా ఆ మొదటి నిర్వచనానికి జవాబు చెప్పుకుంటూనే మాట్లాడాలి. ఆ రోజు ఎన్‌కౌంటర్‌ని ప్రశ్నించిన హక్కుల సంఘాల వాళ్ళకి ఏమైందో గుర్తు తెచ్చుకోండి. "అయితే మీరు రేపిస్టుల పక్షమా" అన్న ప్రశ్నకి జవాబు చెప్పడంతోనే వాళ్ళకిచ్చిన రెండు నిమిషాలూ అయిపోయాయి.

ఆ ఎన్‌కౌంటర్ మీద విచారణకి సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మే 20న బయటికొచ్చింది. పోలీసులు చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, తుపాకులు లాక్కున్నారన్న కథ నమ్మేట్టు లేదని, చనిపోయిన నలుగురిలో ముగ్గురు ఆ సమయానికి మైనర్లని కమిషన్ తేల్చింది. పదిమంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరగాలంది. తర్వాత హైకోర్టులో ఆ వ్యవహారం వేరే దారి పట్టింది, దాని జోలికి ఇప్పుడు వెళ్ళను. నేను అడిగేది ఒక్కటే. 2019 డిసెంబర్‌లో రోజంతా, వారమంతా నడిచిన ఆ ఉత్సాహానికి సమానంగా కాకపోయినా పదో వంతైనా, ఆ రోజు మేం పోలీసుల మాటని పరిశీలించకుండా మీకిచ్చాం అని చెప్పిన పేపర్ గానీ చానల్ గానీ నాకు కనపడలేదు. కమిషన్ వార్త వేశారు, వెయ్యలేదని కాదు. తాము ఏం చేశామన్నది ఆ వార్తలో లేదు. అటు లింగాపూర్ కేసులో ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు విచారణ జరిపి 2020 జనవరి 30న ముగ్గురికీ మరణశిక్ష వేసింది. రెండు నెలల్లో, సాక్షులతో, వాదనలతో. నాకు మరణశిక్ష మీద వేరే అభిప్రాయం ఉంది, అది పక్కన పెడదాం. కోర్టులు పనిచేయవు కాబట్టే తుపాకీ అన్న వాదన రాష్ట్రమంతా మోగుతున్న రోజుల్లో, కోర్టు పనిచేసి చూపించిన కేసు మన కళ్ళముందే ఉంది. దాన్ని ఎవరూ దీని పక్కన పెట్టి చూపించలేదు.

అజెండా సెట్టింగ్ అన్న మాట మీలో చాలామంది వినే ఉంటారు. 1968 ఎన్నికలప్పుడు అమెరికాలో చాపెల్ హిల్ అనే ఊళ్ళో మెకూంబ్స్, షా అనే ఇద్దరు, ఎవరికి ఓటెయ్యాలో ఇంకా తేల్చుకోని వందమందిని మీకు ముఖ్యమైన సమస్యలు ఏంటని అడిగారు. అక్కడి మీడియా దేనికి ఎంత స్థలమిస్తోందో లెక్కపెట్టారు. రెండు వరసలూ దాదాపు అచ్చుగుద్దినట్టు కలిశాయి. మీడియా మనం ఏమనుకోవాలో చెప్పలేకపోవచ్చు గానీ దేని గురించి అనుకోవాలో మాత్రం బాగా చెప్పగలదన్నది అప్పటి నుంచీ ఈ చదువుకి పునాది.

ఇది చెడు కోసమే జరుగుతుందనుకుంటే పొరపాటు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్లు మూయించినప్పుడు, అక్షరాస్యత తరగతుల్లో చదువుకున్న పాఠం నుంచి పుట్టిన ఆ పట్టుదల ఊరు దాటి, జిల్లా దాటి వెళ్ళడంలో పేపర్ల పాత్ర చాలా ఉంది, ముఖ్యంగా ఈనాడు రోజూ దానికి పెద్ద ఎత్తున చోటిచ్చింది. 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఆ ఉద్యమాన్ని పేపర్ పుట్టించలేదు, ఆ ఆడవాళ్ళే పుట్టించారు, ఈ మాట ఖచ్చితంగా చెప్పుకోవాలి. కానీ పేపర్ మొదటి పేజీ ఇవ్వకపోతే అది హైదరాబాద్‌కి అంత తొందరగా చేరేదీ కాదు. అంటే తల్చుకుంటే మన పేపర్లు పల్లెటూరి పేద ఆడవాళ్ళ మాటని అసెంబ్లీ దాకా మోసుకెళ్ళగలవు. ఆ సత్తా ఉందని తెలుసు కాబట్టే లింగాపూర్ విషయంలో నాకంత కోపం. ఇక 1997లో నిషేధం ఎత్తేసినప్పుడు ఆ ఆడవాళ్ళు ఏమన్నారో వెతికి చదవండి, ఎంత దొరుకుతుందో చూడండి.

ఇప్పుడు చదివేవాళ్ళ వైపు కూడా కొంచెం చూడాలి. 1985లో స్టాన్‌ఫర్డ్‌లో వలోన్, రాస్, లెపర్ ఒక ప్రయోగం చేశారు. 1982లో బీరూట్ శరణార్థి శిబిరాల్లో జరిగిన ఊచకోత మీద టీవీ వార్తలు ఇజ్రాయెల్‌ని బలపరిచేవాళ్ళకీ, అరబ్బులని బలపరిచేవాళ్ళకీ చూపించారు. అవే క్లిప్పులు. వీళ్ళు మాకు వ్యతిరేకంగా ఉన్నాయన్నారు, వాళ్ళూ మాకు వ్యతిరేకంగా ఉన్నాయన్నారు. పైగా విషయం ఎక్కువ తెలిసినవాళ్ళకే బయాస్ ఎక్కువ కనిపించింది. దీన్ని హాస్టైల్ మీడియా ఎఫెక్ట్ అంటారు. మన ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లో రోజూ జరిగేది ఇదే. బాబాయ్ ఒక క్లిప్ పెడతాడు, మావయ్య అది ఎల్లో మీడియా అంటాడు, మావయ్య పెట్టింది బాబాయ్‌కి బ్లూ మీడియా. ఇద్దరూ తెలివైనవాళ్ళే, ఇద్దరూ ఎదుటివాళ్ళ తప్పు సరిగ్గానే పట్టుకుంటారు. కానీ ఇలా ముద్ర వేసేయడం వల్ల వార్తని పరిశీలించాల్సిన పని తప్పిపోతుంది. "వాళ్ళ పేపర్ లెండి" అన్న మాటతో నిజమైన వార్తని కూడా కొట్టిపారేయొచ్చు. ఒక పేపర్ అధికారంలో ఉన్నవాళ్ళ ఇసుక దందా ఫొటోలతో సహా వేసినా, దాన్ని చదవకుండా పక్కన పెట్టేందుకు ఆ ఒక్క మాట చాలు. నాయకులకి ఇది ఎంత హాయో ఆలోచించండి.

డబ్బు సంగతి చెప్పకుండా వదిలేస్తే ఇదంతా సగమే అవుతుంది. 2009 ఎన్నికల్లో అభ్యర్థుల దగ్గర డబ్బు తీసుకుని ప్రకటనని వార్తగా వేసే పెయిడ్ న్యూస్ దేశమంతా బయటపడింది. మన దగ్గర వర్కింగ్ జర్నలిస్టుల యూనియనే ముందుకొచ్చి పశ్చిమ గోదావరి జిల్లాలో సర్వే చేసింది, సొంత ఇంటి మురికిని తామే బయటపెట్టిన ఆ జర్నలిస్టులకి నేను ఎప్పటికీ దండం పెడతాను. పేపర్ల మీద ఫిర్యాదులు చూసే ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో వేసిన కమిటీలో మన తెలుగువారు కె. శ్రీనివాసరెడ్డి ఒకరు, పరంజయ్ గుహా ఠాకుర్తా ఇంకొకరు. వాళ్ళు పేర్లతో సహా వివరంగా నివేదిక రాస్తే 2010లో కౌన్సిల్ దాన్ని పూర్తిగా బయటపెట్టలేదు, చివరికి కేంద్ర సమాచార కమిషన్ చెప్పాక 2011లో గానీ జనానికి దొరకలేదు. అది ఒక పార్టీ పేపర్ల తప్పయి ఉంటే ఇంకో పార్టీ పేపర్లు ఎంత గోల చేసేవి! అందరికీ తగిలేది కాబట్టి అందరూ మెల్లిగా మాట్లాడారు.

ప్రభుత్వం డబ్బు ఇంకో దారి. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాలంటీర్లకి విస్తృత సర్క్యులేషన్ ఉన్న దినపత్రిక కొనుక్కోమని నెలకి 200 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇది సాక్షికి మేలు చేయడానికేనని ఈనాడు యాజమాన్యం కోర్టుకెక్కింది, 2023లో సుప్రీంకోర్టు ఆ కేసుని ఢిల్లీ హైకోర్టుకి పంపింది. ప్రభుత్వ ప్రకటనలు ఎవరికి ఎక్కువ వెళ్ళాయన్న గొడవ అయితే ఐదేళ్ళకోసారి పక్షాలు మారి మళ్ళీ మొదలవుతుంది. ఇక చానళ్ళు ఆపేయడం ఉండనే ఉంది. 2014 జూన్‌లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ కేబుల్‌లో రాకుండా పోయాయి, 2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో సాక్షి టీవీ, టీవీ9, ఎన్టీవీ లాంటివి చాలాచోట్ల ఆగిపోయాయి. రెండుసార్లూ ఇది కేబుల్ ఆపరేటర్ల ఇష్టమనే మాట వినిపించింది. మీకు నచ్చని చానల్ ఆగిపోయినప్పుడు మీకు ఏమనిపించిందో ఒకసారి నిజాయితీగా అడుక్కోండి.

అన్నిటికంటే తక్కువ మాట్లాడుకునేది కంట్రిబ్యూటర్ గురించి. మండలంలో "ఫలానా పేపర్ రిపోర్టర్" అని మనం పిలిచే మనిషికి చాలా సంస్థల్లో జీతం ఉండదు. అచ్చయిన వార్త కొలిచి ఇచ్చే లైన్ అకౌంట్ డబ్బులు పెట్రోల్‌కి కూడా చాలవు. పైగా ఆగస్టు 15కి, జనవరి 26కి, పేపర్ వార్షికోత్సవానికి, ఎమ్మెల్యే పుట్టినరోజుకి ఇన్ని యాడ్స్ తేవాలని టార్గెట్ ఉంటుంది. ఆ యాడ్ ఇచ్చేది ఎవరు? సర్పంచ్, రైస్ మిల్లు యజమాని, ప్రైవేటు స్కూలు కరస్పాండెంట్, రియల్ ఎస్టేట్ ఆయన, ఇసుక కాంట్రాక్టర్. సోమవారం యాడ్ అడిగిన మనిషి మీద మంగళవారం వార్త రాయమంటే ఎలా రాస్తాడు? మనం హైదరాబాద్‌లో ఓనర్ ఎవరని చూస్తాం. వార్త పుట్టకముందే ఆగిపోయేది ఇక్కడ, మండలంలో, ఈ యాడ్ బిల్లు దగ్గర. నేను డెస్క్‌లో ఉన్నప్పుడు ఒక కంట్రిబ్యూటర్ మంచి వార్త ఒకటి ఫోన్‌లో పూర్తిగా చెప్పి, "కానీ సార్, నా పేరు మీద మాత్రం పంపలేను" అన్నాడు. నేను అతన్ని తప్పు పట్టలేదు. ఇది అన్ని పార్టీల పేపర్లలోనూ ఒకేలా ఉంది, అందుకే ఏ పేపర్‌లోనూ దీని మీద వార్త రాదు.

యూట్యూబ్ వచ్చి ఇదంతా మార్చేసిందంటారు. కొంత నిజమే, పెద్ద పేపర్లు వదిలేసిన ఊళ్ళకి ఫోన్ పట్టుకుని వెళ్ళేవాళ్ళు కొందరు వచ్చారు, వాళ్ళంటే నాకు గౌరవం. ఎక్కువభాగం మాత్రం పేపర్లో వచ్చిందే థంబ్‌నెయిల్ మార్చి అరవడం.

నేనిప్పుడు చదివే పద్ధతి చెప్తాను, నచ్చితే వాడుకోండి. ఒకే వార్త రెండు ఎదురెదురు పేపర్లలో చదువుతాను, అది అందరూ చెప్పేదే. దానికంటే నాకు పనికొచ్చింది, ఆ రెండిట్లో ఉమ్మడిగా ఏముందో చూడటం. రెండూ ఒకే సోర్స్ మీద నడుస్తున్నాయా, రెండిట్లోనూ మాట్లాడని మనిషి ఎవరు అని చూస్తాను. భూసేకరణ వార్తలో మంత్రి, ప్రతిపక్ష నాయకుడు ఇద్దరూ ఉండి భూమి పోయిన కౌలు రైతు లేడంటే, అది బ్యాలెన్స్ ఉన్న వార్త అని నేను ఒప్పుకోను. వీలైతే పక్క జిల్లా ఈ-పేపర్ కూడా తెరుస్తాను, మెయిన్‌లోకి ఎక్కనివి అక్కడుంటాయి.

తప్పు వార్త కనిపిస్తే వాట్సాప్‌లో తిట్టుకుని ఊరుకోకండి. ముందు ఎడిటర్‌కి రాతపూర్వకంగా రాయండి, జవాబు రాకపోతే లేదా సరిగ్గా లేకపోతే ఆ కాపీ జతచేసి ప్రెస్ కౌన్సిల్‌కి పంపండి. దినపత్రికల విషయంలో వార్త అచ్చయిన రెండు నెలల లోపు పంపాలి. కౌన్సిల్‌కి జరిమానా వేసే అధికారం లేదు, మందలించగలదు అంతే, టీవీ చానళ్ళు దాని కిందికి రావు. అయినా పంపండి. డెస్క్‌లో పనిచేసిన మనిషిగా చెప్తున్నా, వార్త క్లిప్పింగ్‌తో, తేదీతో, ఫలానా చోట ఫలానాది తప్పు అని రాసిన ఉత్తరం వస్తే ఆఫీసులో దాన్ని పక్కన పడేయరు, ఆ వార్త చూసిన సబ్ఎడిటర్‌ని, పంపిన కంట్రిబ్యూటర్‌ని ఇద్దరినీ పిలిచి అడుగుతారు.